పెద్దమ్మాయికి పోసిన ఆయిల్

ఆదివారం పొద్దున్న పెద్దాయన టీ కప్పుని బల్ల మీద పెట్టబోయి, బల్లకి కాస్త ఇవతలే వదిలేశాడు. కప్పు కిందపడి పగిలింది. ఆయన దానివైపు చూడను కూడా చూడలేదు.

"వచ్చే ఆదివారం సముద్రానికి వెళ్తున్నాం. మీ అమ్మ ముందు సీట్లో, నేను స్టీరింగ్ దగ్గర. ఇంక మాటల్లేవ్" అని కూతురితో అన్నాడు.

కూతురు పగిలిన ముక్కలు ఏరుతూ తలూపింది. అల్లుడు పేపరు వెనకనుంచి తలూపాడు. పెద్దావిడ మాత్రం చీపురు తెచ్చి, "సముద్రం ఎక్కడికీ పోదుగా. బస్సులో వెళ్దాం" అంది.

"బస్సా? ఇంట్లో పెద్దమ్మాయిని పెట్టుకుని?"

పెద్దమ్మాయి అంటే కారు. కూతురు పుట్టకముందే కొన్నది కాబట్టి దానికా పేరొచ్చింది. కూతురు చిన్నప్పుడు దాన్ని అక్కా అని పిలిచేది. ఆ లెక్కన అల్లుడికది వదినగారు. పెళ్లయిన కొత్తలో ఒకసారి దాని టైరుని కాలితో తన్ని చూసినందుకు, మామగారు అతనితో వారం పాటు ముక్తసరిగా మాట్లాడాడు.

పెద్దాయన బస్సు డ్రైవరు. ఉద్యోగమంతా సముద్రం రూట్లోనే చేశాడు. ఎవరెవరినో, వాళ్ల పిల్లల్నీ, ఆ పిల్లల పిల్లల్నీ ఇసుక దాకా తీసుకెళ్లి దింపాడు. పెళ్లాన్ని మాత్రం ఒక్కసారి కూడా తీసుకెళ్లలేదు. పెళ్లాం బస్సులో ఉంటే డ్రైవరు ధ్యాస రోడ్డు మీద ఉండదని ఆయన సిద్ధాంతం. రిటైరయ్యాక సొంత కార్లో తీసుకెళ్తానని మాటిచ్చాడు. రిటైరయ్యాక ఆయన మోకాళ్లు అడ్డొచ్చాయి, తర్వాత ఆవిడ నడుం అడ్డొచ్చింది, తర్వాత కూతురి కాన్పు. ఇప్పుడు ఏదీ అడ్డులేదు. ఇంకో ఏడాది ఆగితే ఏదో ఒకటి వస్తుందని ఆయనకి తెలుసు. అందుకే ఆ తొందర.

మర్నాడు పొద్దున్న ఇంజిన్ వేడెక్కించడానికి ఆయన షెడ్డులోకి వెళ్లాడు. తాళం తిప్పాడు. ఇంజిన్ అందుకుంది. డ్యాష్‌బోర్డు మీద ఎర్ర దీపం మాత్రం ఆరలేదు.

ఆయిల్ ప్రెషర్ దీపం అది. ఇంజిన్ లోపల తిరిగే భాగాలకి ఆయిల్ సరిగ్గా అందకపోతే వెలుగుతుంది. డ్రైవరన్నవాడు దాన్ని చూస్తే బండి అక్కడే ఆపాలి. పెద్దాయన ఆపాడు. ఈ సంగతి బయటికి పొక్కితే కూతురు కంగారు పడుతుంది, అల్లుడు ఫోన్‌లో ఏవో వీడియోలు చూపిస్తాడు, సముద్రం మళ్లీ వచ్చే ఏడాదికి పోతుంది. ఆయన చప్పుడు కాకుండా బానెట్ ఎత్తాడు. ఆయిల్ ఎంతుందో చూసే ఉక్కు కడ్డీని, అంటే డిప్‌స్టిక్‌ని, పైకి లాగి వెలుగులో అటూ ఇటూ తిప్పాడు. దాని చివర గీత ఉండాలి, ఆయిల్ ఆ గీత దాకా తగలాలి. గీత ఉన్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది. ఎందుకైనా మంచిదని అలమరలో ఉన్న డబ్బా తీసి మొత్తం పోసేశాడు.

ఆ బానెట్ గడియ పాతది. ఎత్తునుంచి వదిలేసి ధడాలున కొడితే తప్ప పడదు. కొట్టాడు. తాళం తిప్పాడు. దీపం ఆరిపోయింది.

"మా తల్లే" అన్నాడు కారుతో. ఖాళీ డబ్బాని నీళ్ల డ్రమ్ము వెనక దాచాడు.

మంగళవారం కూతురు స్కూటరు మొరాయించింది. ఆమె టీచరు, ఆలస్యమైతే హెడ్‌మాస్టరు గేటు దగ్గరే నిలబడి గడియారం చూసుకుంటాడు. కారు తీసుకుని బయల్దేరింది. సందు మలుపు తిరిగేసరికి ఎర్ర దీపం వెలిగింది.

ఆమె వెంటనే తండ్రి మొహం ఊహించుకుంది. ఈ మాట ఆయనకి చెప్పడమంటే పెద్దకూతురికి పెద్ద జబ్బని చెప్పడమే. పెట్రోలు బంకులో ఆగి, ఒక డబ్బా కొని, మూత ఎక్కడుందో కుర్రాణ్ణి అడిగి తనే వొంపేసింది. బానెట్ ధడాలున పడింది. దీపం ఆరింది. ఆమె ఖాళీ డబ్బాని పిల్లల డ్రాయింగు కాగితాల సంచీలో కుక్కి, ఏమీ ఎరగనట్టు పాఠం చెప్పడానికి వెళ్లింది.

గురువారం అల్లుడి వంతు. ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేస్తాడు, ప్రమాదాల గురించి అతనికి బాగా తెలుసు, కాగితం మీద. ప్రయాణం ముందు వదినగారికి స్నానం చేయిద్దామని షెడ్డులోంచి వెనక్కి తీస్తుంటే ఎర్ర దీపం వెలిగింది. ఫోన్ తీసి, పాత బళ్లలో ఆయిల్ ప్రెషర్ తగ్గితే ఏం చెయ్యాలో వెతికాడు. ఒక పొడుగాటి వీడియో దొరికింది. మొదటి భాగం మరీ నెమ్మదిగా ఉందని దాటేశాడు. డిప్‌స్టిక్ చూడకుండా ఒక్క చుక్క కూడా పొయ్యొద్దని చెప్పింది ఆ మొదటి భాగంలోనే. అతను చిక్కటి ఆయిల్ తెచ్చి రెండు డబ్బాలు పోశాడు. ధడాల్. దీపం ఆరింది. మామగారికి తెలిస్తే బాధపడతాడని డబ్బాలు ఆఫీసు సంచీలో పెట్టుకున్నాడు. అవి ఫైళ్ల మీద కారి, ఒక అగ్నిప్రమాదం క్లెయిము సగం నల్లగా అయింది.

ఇలా ఆ ఇంట్లో ముగ్గురు, ఒకరికి తెలియకుండా ఒకరు, ఒకే జబ్బుకి ఒకే మందు పోశారు. ప్రేమకొద్దీ చెడ్డకబురు దాచడం ఆ ఇంటి అలవాటు. దానికి ఎప్పుడూ ఎవరూ పెద్దగా నష్టపోలేదు కాబట్టి అది మంచి అలవాటనే అనుకునేవాళ్లు.

ఆ వారమంతా పెద్దావిడ ఎక్కువ మాట్లాడలేదు. బట్టలారేసే తాడు షెడ్డులోనే ఉంది. రోజూ ఉతికిన బట్టల బకెట్టుతో లోపలికి వెళ్లేది, చాలాసేపటికి వచ్చేది. శుక్రవారం కూతురు వంటింట్లో గొడవ పెట్టింది.

"అమ్మా, ఈ కత్తి ఇంత మొద్దుబారిందేంటి? టమాటా కూడా తెగట్లేదు."

"పాతదయింది. కొత్తది కొందాంలే."

"పోయిన నెలేగా కొన్నాం!"

"ఇప్పటి కత్తులు అంతే" అంది పెద్దావిడ. తర్వాత మొగుడి దగ్గరికెళ్లి మళ్లీ అదే పాట మొదలుపెట్టింది. "ఏమండీ, బస్సులో వెళ్దామండీ. హాయిగా కబుర్లు చెప్పుకుంటూ కూర్చోవచ్చు."

"జీవితమంతా నువ్వడిగింది ఈ ఒక్కటే. అది కూడా బస్సులో తీర్చమంటావా?"

ఆవిడ బట్టల బకెట్టు తీసుకుని షెడ్డుకేసి నడిచింది.

శనివారం పొద్దున్న కారు స్టార్టు చెయ్యగానే దీపం వెలిగింది. ఈసారి పెద్దాయన బానెట్‌ని రెండుసార్లు ఎత్తి కొట్టినా ఆరలేదు. పైగా లోపల్నుంచి కుట్టుమిషను నడుస్తున్నట్టు టకటకమని చప్పుడు. ఇక దాచి లాభం లేదు. అల్లుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని మెల్లగా మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాడు.

మెకానిక్ ఒకప్పుడు డిపోలో పెద్దాయన బస్సు కిందే పని నేర్చుకున్నవాడు. ఇప్పుడు సొంత షాపు. జుట్టు నెరిసింది, అయినా పెద్దాయన కనపడగానే చేతిలో స్పానరు కింద పెడతాడు.

"ఏంటి గురువుగారూ, పెద్దమ్మాయి దగ్గుతోంది?"

"దగ్గు కాదు. గొంతు సవరించుకుంటోంది. నువ్వోసారి చూడు."

"దీపాన్ని నమ్మలేం. ఒక్కోసారి తీగ పాడైనా వెలుగుతుంది" అంటూ మెకానిక్ దీపం స్విచ్చి విప్పి, ఆ చోట ప్రెషర్ గేజి బిగించాడు. ఇంజిన్ నడిపాడు. సూది కొంచెం లేచింది, వణికింది, మళ్లీ పడిపోయింది. ఇంకోసారి చూశాడు. అదే వణుకు. అతని మొహం మారింది.

"దీపం అబద్ధం చెప్పట్లేదండీ. ప్రెషర్ నిజంగానే లేదు. ఆయిల్ చూశారా?"

"చూశాను."

అంతే. అక్కడితో ఆ ప్రశ్న ముగిసిపోయింది. డిపోలో ఒక పద్ధతి ఉండేది. బండి తీసే ముందు ఆయిల్ చూసుకోవడం డ్రైవరు పని. డ్రైవరు చూశానన్నాక మెకానిక్ మళ్లీ డిప్‌స్టిక్ లాగితే, నువ్వు అబద్ధాలకోరువి అని మొహం మీద అన్నట్టే. అలా లాగినందుకు ఒకప్పుడు డిపోలో చొక్కాలు చిరిగాయి. మెకానిక్ చెయ్యి డిప్‌స్టిక్ దాకా వెళ్లి, గురువుగారి మొహం చూసి, పక్కనున్న గుడ్డ ముక్క తీసుకుని వెనక్కి వచ్చింది.

అల్లుడు నోరు తెరిచాడు. నేను రెండు డబ్బాలు పోశానండీ, అనబోయాడు. మామగారికి తెలియకుండా వదినగారి మీద చెయ్యి వేసిన సంగతి బయటపడుతుందని గుర్తొచ్చింది. తెరిచిన నోటిని ఆవలింతగా మార్చుకున్నాడు.

"ఆయిల్ ఉండి కూడా ప్రెషర్ లేదంటే బేరింగులు అరిగిపోయుండాలి" అన్నాడు మెకానిక్. "ఇంజిన్ విప్పాలి గురువుగారూ. బండి ఇక్కడే వదిలెయ్యండి."

"సోమవారం తెస్తా."

"సోమవారం దాకా తొక్కితే విప్పడానికి ఏమీ మిగలదండీ."

"రేపొక్కరోజు. మా ఆవిడ ఇస్త్రీ చీర కూడా తీసి పెట్టుకుంది" అన్నాడు పెద్దాయన. ఆ గొంతు విన్నాక మెకానిక్ ఇంకేమీ అనలేదు. అనాల్సింది.

ఆదివారం బయల్దేరారు. పెద్దావిడ గుమ్మంలో ఆగి చివరిసారిగా బస్సు పేరెత్తింది. ఆయన ముందు తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డాడు, పెళ్లినాటి మొహంతో. ఆవిడ ఎక్కి కూర్చుంది. కూతురూ అల్లుడూ వెనక ఎక్కారు. మనవణ్ణి పక్కింట్లో వదిలారు.

సందు చివర కారు ఎగిరిపడింది. నలుగురి తలలూ పైకప్పుకి తగిలాయి.

"రాత్రికి రాత్రి స్పీడు బ్రేకరు వేసేశారేంటి!" అన్నాడు పెద్దాయన.

ఆ స్పీడు బ్రేకరు కూతురి పెళ్లికి ముందునుంచీ అక్కడే ఉంది. పెద్దావిడ రెండు చేతులతో డ్యాష్‌బోర్డు పట్టుకుంది. "ఏమండీ, ఇక్కడ ఎర్రగా వెలుగుతోంది."

"అది నిన్నటిది."

టకటక కాస్తా ధనధనమని మారింది. వెనక సీట్లో కూతురు మొగుడి చెవిలో గుసగుసలాడింది. "భయపడకండి. మంగళవారం నేనొక డబ్బా ఆయిల్ పోశాను. నాన్నకి చెప్పకండి."

"నువ్వా? నేను గురువారం రెండు పోశాను!"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత ఇద్దరికీ ఎంతో ధైర్యం వచ్చింది.

"అయితే కావలసినంత ఉందన్నమాట. ఇంకేం భయం" అని అల్లుడు వెనక్కి జారగిలబడ్డాడు.

ఊరి చివర వంతెన దిగుతుండగా ఇంజిన్ ఒక్క కేక పెట్టింది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. కారు ఆ వాలు మీద తనంతట తను దొర్లుకుంటూ వెళ్లి ఒక పెద్ద గేటు ముందు ఆగింది. అది బస్సు డిపో గేటు. పెద్దాయన ఉద్యోగమంతా పనిచేసిన డిపో.

లోపల్నుంచి డ్రైవర్లు పరుగెత్తుకొచ్చారు. పెద్దాయనని గుర్తుపట్టారు. బానెట్ కిందనుంచి పొగ వస్తోంది. అందరికన్నా చిన్న డ్రైవరు, పాపం మర్యాదగానే, "ఆయిల్ చూసుకోలేదా గురువుగారూ?" అని అడిగాడు.

ఆ గేటు ముందు ఆ ప్రశ్న ఎంతమంది కొత్త డ్రైవర్లని ఏడిపించిందో పెద్దాయనకి తెలుసు. అడిగింది ఆయనే కాబట్టి. సముద్రం బస్సు వాళ్ల పక్కనుంచే హారను కొట్టుకుంటూ వెళ్లిపోయింది. పెద్దావిడ ఆ బస్సు మలుపు తిరిగేదాకా చూసింది.

మెకానిక్ వచ్చి తాడు కట్టి బండినీ, దాంతోపాటు నలుగురినీ షాపుకి లాక్కెళ్లాడు. సాయంత్రానికి కింద ట్రే పెట్టి ఆయిల్ వదిలాడు. ట్రే నిండింది. ఇంకో ట్రే పెట్టాడు. అదీ నిండింది. బకెట్టు తెప్పించాడు. సబ్బునీళ్లలా నురగ కట్టిన ఆయిల్ ఇంకా వస్తూనే ఉంది. అతను మెల్లగా లేచి నిలబడ్డాడు.

"ఇందులో రెండు బళ్లకి సరిపడా ఉంది. ఇంతుంటే ఇంజిన్ దీన్ని కవ్వంతో చిలికినట్టు చిలికేస్తుంది. పంపు ఎత్తేది ఆయిల్ కాదు, నురగ. నురగకి ప్రెషర్ ఎక్కణ్ణుంచి వస్తుంది? బేరింగులు ముందు బాగానే ఉన్నట్టున్నాయి, ఇవాళ కాలిపోయాయి. ఎవరు పోశారండీ ఇంత?"

కూతురు చెయ్యెత్తింది, క్లాసులో పిల్లలా. అల్లుడు రెండు వేళ్లు చూపించాడు. అందరూ పెద్దాయన వైపు తిరిగారు.

"నేనూ ఒకటి పోశాను" అన్నాడాయన. "డిప్‌స్టిక్ మీద గీత అరిగిపోయింది. కనపడలేదు."

మెకానిక్ డిప్‌స్టిక్ లాగి గుడ్డతో తుడిచాడు. గీత లోతుగా, స్పష్టంగా ఉంది. షాపు గుమ్మం దగ్గరున్న అల్లుడికి కూడా కనపడింది. మెకానిక్ దాన్ని మళ్లీ లోపలికి తోసేసి, "అవునండీ, పాత గీతలు" అన్నాడు.

ఆ తర్వాత అతను దీపం తీగని బయటికి లాగాడు. "కానీ ఆయిల్ సరిగ్గా ఉన్న రోజుల్లో అసలు దీపం ఎందుకు వెలిగిందో ఇప్పుడు తెలిసింది. ఇదిగో, ఇక్కడ పైతొడుగు పోయింది. లోపలి రాగి ఇంజిన్‌కి తగిలినప్పుడల్లా ఊరికే వెలుగుతుంది. బానెట్ కొడితే తీగ పక్కకి జరిగి ఆరిపోతుంది. ఇది అరిగింది కాదండీ. ఎవరో గీరారు."

పెద్దాయన తీగని అందుకున్నాడు. కళ్లతో కాదు, బొటనవేలితో చూశాడు. గీరిన చోటు నున్నగా, ఒక పక్కకి వాలుగా ఉంది. ఆయన వేలు అక్కడే ఆగిపోయింది.

డిపోలో సెలవు దొరకని డ్రైవర్లు చేసే పని అది. ఆ తీగని కొంచెం గీరితే చాలు, ఎర్ర దీపం వెలుగుతుంది, బస్సుని షెడ్డుకి పంపుతారు, డ్రైవరు ఇంటికి పోయి పడుకుంటాడు. ఆయన ఈ సంగతి పై అధికారులకి ఎప్పుడూ చెప్పలేదు. ఒకే ఒక్క మనిషికి చెప్పాడు, ఒకనాడు అన్నం తింటూ, పొలమారేంతగా నవ్వుతూ.

ఆయన తలెత్తాడు. మూలనున్న స్టూలు మీద పెద్దావిడ ఇస్త్రీ చీర నలగకుండా కూర్చుని, తన చేతులకేసి చూసుకుంటోంది.

"ఎలక" అన్నాడు పెద్దాయన.

"ఎలక కొరికితే ఇలా ఉండదండీ, పంటిగాట్లు..."

"ఎలకే. మా షెడ్డులో ఉంది. నేను చూశాను."

డ్రైవరు చూశానన్నాక మెకానిక్ ఇంకేమంటాడు. తీగ కింద పెట్టేశాడు.

ఆ మోడల్ బేరింగులు ఎక్కడా దొరకలేదు. మెకానిక్ తిరగని పాతసామాన్ల దుకాణం లేదు. చివరికి కారు విడిభాగాలుగా వెళ్లిపోయింది. తలుపులొకడు, చక్రాలొకడు. బెంచీలాంటి ముందు సీటు మాత్రం ఇవ్వనన్నాడు పెద్దాయన. దాన్ని వరండాలో వేయించాడు. సాయంత్రాలు మొగుడూ పెళ్లాం అందులో పక్కపక్కన కూర్చుని, ఖాళీ సందుకేసి చూస్తూ టీ తాగుతారు. కప్పు ఆయన చేతిలోంచి ఆవిడే అందుకుని కింద పెడుతుంది.

కళ్ల డాక్టరు దగ్గరికి ఆయన తనే వెళ్లాడు, ఎవరూ చెప్పకుండా. కళ్లజోడొచ్చిన మరుసటి ఆదివారం ఇద్దరూ సముద్రం బస్సెక్కారు. డ్రైవరు గుర్తుపట్టి తన వెనక సీటు ఇప్పించాడు.

వంతెన దాటాక పెద్దావిడ కిటికీలోంచి చూస్తూనే అంది. "ఎదురొచ్చే లారీ మీకు కనపడట్లేదని నేనంటే మీరు ఊరుకుంటారా? ఆ మాట నా నోటితో అనలేకపోయాను. బండికి బాలేదంటే మీరే మానుకుంటారనుకున్నా. ముగ్గురూ ఎవరికి వాళ్లు దాచిపెట్టి వైద్యం చేస్తారని నాకేం తెలుసు? పెద్దమ్మాయిని నేనే పోగొట్టుకున్నానండీ."

"నువ్వేం చేశావు? ఎలక కదా" అన్నాడు పెద్దాయన.

"ఏమండీ..."

"ఎలకలతో పెట్టుకోకూడదు. వాటికి మనకన్నా ముందే అన్నీ తెలుస్తాయి."

దూరంగా నీలంగా ఒక గీత కనపడింది, అది మెల్లగా వెడల్పయింది. పెద్దావిడ కాసేపు కళ్లార్పకుండా చూసింది. "ఇంత పెద్దదా? ఇన్నేళ్లూ రోజూ చూసి కూడా ఇంటికొచ్చి ఒక్కనాడూ చెప్పలేదేం?"

పెద్దాయన కళ్లజోడు సర్దుకున్నాడు. "నేనెక్కడ చూశానే? నా కళ్లెప్పుడూ రోడ్డు మీదేగా" అన్నాడు.

తిరిగొస్తూ ఆయన బజార్లో ఒక ఎలకలబోను కొని, ఇంట్లో అందరూ చూస్తుండగా ఖాళీ షెడ్డులో పెట్టాడు.

అందులో ఇంతవరకూ ఏదీ పడలేదు.